పొల్లాచ్చి సంతలో పట్టుకున్న చెయ్యి

నా చిన్నప్పుడు మా తాతయ్య మీద నాకు పట్టలేనంత కోపం ఉండేది. ఆయన పోయి ఇన్నేళ్లయినా అందులో సగం ఇంకా తగ్గలేదు.

మాది తమిళనాడులో పొల్లాచ్చి దగ్గరున్న కినత్తుకడవు. తాతయ్యది కొబ్బరి వ్యాపారం. ఇంటి వెనక ఎండుకొబ్బరి ఆరబోసే కళ్లం ఉండేది. తెల్లారగానే, చిప్పలు పరచకముందే, నన్ను ఆ కళ్లంలో నిలబెట్టేవాడు. కర్రసాము నేర్పుతానన్నాడు. మా వైపు దాన్ని సిలంబం అంటారు. నేను ఎగిరి గంతేశాను గానీ, ఎనిమిది నెలలైనా నా చేతికి కర్ర అనేదే ఇవ్వలేదు. ఎడమ కాలు ముందుకు, కుడి కాలు వెనక్కి, మోకాళ్లు కాస్త వంచి, బరువంతా వెనక కాలి మీద. అలా నిలబడాలి, అంతే. ఆయన వచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టి తోసేవాడు, లేకపోతే చెయ్యి పట్టుకుని లాగేవాడు. కదిలితే మళ్లీ మొదటికి. నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటే నేను దిష్టిబొమ్మలా నిలబడాలా అని ఒళ్లు మండిపోయేది. అడిగితే, కాలు నిలిచాక కర్ర అనేవాడు. ఎప్పటికి నిలుస్తుందో చెప్పేవాడు కాదు.

మా అవ్వది ఇంకో చాదస్తం. గడప దాటి లోపలికొస్తే తెలుగే మాట్లాడాలి. బడిలో తమిళం, వీధిలో తమిళం, ఇంట్లో మాత్రం ఒక్క తమిళ మాట దొర్లినా అది తెలుగులో మళ్లీ చెప్పేదాకా కంచంలో అన్నం పడేది కాదు. అందుకని నాకు తమిళం ఎంత బాగా వచ్చినా, దెబ్బ తగిలినా భయమేసినా నోట్లోంచి వచ్చేది తెలుగే.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా ఒకనాడు తాతయ్య నన్ను పొల్లాచ్చి సంతకు తీసుకెళ్లాడు. చింతపండు అమ్మే ఒక ముసలమ్మ పక్కన నన్ను నిలబెట్టి, మండీలో మాట్లాడి వస్తాను, ఇక్కడే ఉండమని వెళ్లాడు. కాసేపటికి తెల్ల పంచె కట్టుకున్న మనిషి ఒకాయన నేరుగా నా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకున్నాడు. రా పోదాం అన్నాడు తమిళంలో. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

కుడి కాలు దానంతటదే వెనక్కి వెళ్లింది. మోకాళ్లు వంగాయి. ఆయన లాగాడు, నేను కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు, అయినా కదల్లేదు. అంత భయంలోనూ నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం. ఎనిమిది నెలల చాకిరీ ఊరికే పోలేదనుకున్నాను.

అప్పుడా మనిషి లాగడం మానేశాడు. చుట్టూ చేరిన వాళ్ల వైపు తిరిగి నవ్వుతూ, మా అమ్మాయే, రిబ్బన్లు కొనివ్వలేదని అలిగింది అన్నాడు. అందరి మొహాలూ మెత్తబడ్డాయి. నేను గొంతు చించుకుని అరిచాను.

"ఈయనెవురో నాకు తెల్దు. మా తాతను పిలవండి."

తెలుగులో అరిచాను. ఒక్కరికీ అర్థం కాలేదు. కోపమొస్తే వాళ్లమ్మ భాషే వస్తుంది దీనికి, అన్నాడాయన. జనం నవ్వారు. ఎంత అరిస్తే అంత మొండిపిల్లనైపోయాను వాళ్ల కళ్లకు. తమిళంలో రెండు ముక్కలు చెబితే సరిపోయేది. ఆ రెండు ముక్కలు నోటికి రాలేదు. చింతపండు ముసలమ్మ నా గడ్డం పట్టుకుని ముద్దుగా చెప్పింది.

"అప్పా కూప్పిట్టా పోగణుం, కణ్ణు."

నాన్న పిలిస్తే వెళ్లాలమ్మా అని. ఇంతలో ఎవరో నా వీపు మీద చెయ్యి వేసి, పద తల్లీ అన్నట్టు మెల్లగా ముందుకు తోశారు. ఎంత లాగినా కదలని కాలు ఆ తోపుకు లేచిపోయింది. ముందునుంచి వచ్చే బలానికే తాతయ్య నన్ను సిద్ధం చేశాడు. మంచితనంతో వెనకనుంచి తోస్తారని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ మనిషి వెనక నాలుగడుగులు నడిచాను.

అప్పుడు కొబ్బరి బస్తాల చాటునుంచి తాతయ్య పరిగెత్తుకొచ్చాడు. ఆయన్ని చూడగానే ఆ మనిషి నా చెయ్యి వదిలేశాడు. ఆ పంచె మనిషి మా తమిళనాడులోనే ఉన్న కంబం నుంచి వచ్చిన తాతయ్య స్నేహితుడట. నా కాలు ఎంత నిలిచిందో చూద్దామని ఇద్దరూ కలిసి ఆడిన నాటకమట. నాకు తెలివి తప్పేంత కోపం వచ్చింది. తాతయ్య చెయ్యి పట్టుకుని రక్తం వచ్చేలా కొరికాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

మా ఊళ్లో బస్సు దిగాక తాతయ్య రోడ్డు పక్కనే ఆగిపోయాడు.

"తప్పు నాది, పాపా. నీ కాలికి నేర్పినాను. నోటికి నేర్పలే."

మర్నాడు పొద్దున కళ్లంలో కాలు వెనక్కి వేయగానే అరవమన్నాడు. ఈయన ఎవరో నాకు తెలియదు అని, తమిళంలో, వీధి చివరికి వినపడేలా. ఇంట్లో తమిళమేమిటని అవ్వ గరిటె పట్టుకుని వచ్చింది. సంతలో జరిగింది విన్నాక గరిటె గోడకు ఆనించి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నా పక్కన తనూ కుడి కాలు వెనక్కి వేసి నాకంటే గట్టిగా అరిచింది. నాకు కర్ర ఇచ్చింది ఆ తర్వాత చాలా రోజులకు.

ఇప్పుడు నా మనవరాలు కోయంబత్తూరులో కరాటే నేర్చుకుంటోంది. హాల్లో నిలబడి ఫొటోలు దిగుతుంది, నిలబడటం చక్కగానే ఉంది. ఇది నా కూతురే అని ఎవడైనా నలుగురిలో చెబితే ఏం చేస్తావే అంటే, కిక్ ఇస్తా అవ్వా అని నవ్వుతుంది. అరిచి చూపించవే అంటే సిగ్గుపడుతుంది. దీనికెలా చెప్పాలో తెలియక తల పట్టుకుంటున్నాను.

వీపు మీద చెయ్యి వేసింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. చెడ్డవాళ్లు కారు, అదే నా బాధ. అందుకే బస్టాండులో గానీ సంతలో గానీ ఏ పిల్లయినా మొరాయిస్తూ కనిపిస్తే నేను తోసుకుంటూ ముందుకు వెళతాను. ఈయన నీకు ఏమవుతాడని పిల్లనే అడుగుతాను. తమిళంలో అడుగుతాను, తెలుగులో అడుగుతాను, తోటల్లోకి ఉత్తరాది కూలీలు వస్తున్నారు గనక వచ్చీరాని హిందీలో కూడా అడుగుతాను. కన్నతండ్రులకు కోపమొస్తుంది. నీకెందుకే ముసలిదానా అని తిట్టినవాళ్లూ ఉన్నారు. తిట్టనీ. కుడి కాలు వెనక్కి వేసి, ఆ పిల్ల నోటినుంచి జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడతాను.