మాబున్ని తెరిచిన పిడికిలి

1957 వేసవిలో ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి ఆదినారాయణను ఇంటికి పంపేటప్పుడు, పుండు మానిందని డాక్టరు చీటీ రాసిచ్చాడు. పుండు మానడం నిజమే. కానీ మగ్గం మీది పడుగు నూలుకు పట్టించే వేడి గంజి ఒలికి కాలిన ఆ కుడిచెయ్యి పిడికిలిలా బిగుసుకుపోయింది. వేళ్లు తెరుచుకోవడం లేదు.

అతను నేతగాడు. కట్టు విప్పిన నర్సు మాబున్నితో అతని భార్య తిరుపాలమ్మ ఒక్క మాటే అంది.

"మగ్గం తాడు గుంజేదానికి పిడికిలి చాలమ్మా. తెగిన పోగు అతికేదానికి వేళ్లు కావల్ల గదా."

ఆ మాట మాబున్నిని వదల్లేదు. బిగిసిన చర్మం ఎలా సాగుతుందో డాక్టరునడిగి తెలుసుకుంది. అదంతా రోజూ చేయించడానికి ఆసుపత్రిలో మనుషులు లేరన్నాడాయన. మరునాడు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి, ఆమె నేరుగా నేతగాళ్ల వీధికి నడిచింది.

గోరువెచ్చని నీళ్లలో చెయ్యి నానబెట్టి, కొబ్బరినూనె రాసి, ఒక్కో వేలినీ కొంచెం కొంచెంగా చాపి చెక్కబద్దకు గుడ్డతో కట్టేది. ఆదినారాయణ నొప్పి తాళలేక నోటికొచ్చినట్టు తిట్టేవాడు. పరాయి మగాడి చెయ్యి పట్టుకుంటోందని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. మాబున్ని అత్త జానీబీ కూడా మానుకోమంది. ఆసుపత్రిలో ఇన్నాళ్లూ పట్టుకున్న చెయ్యే కదా, వీధిలోకొస్తే తప్పెట్లయిందని మాబున్ని అడిగింది. అత్త మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పదిహేనో రోజు ఆదినారాయణ బద్ద ఊడదీసి మూలకు విసిరేశాడు.

"ఇంక రావొద్దమ్మా. నా రాత ఇంతే."

"రాత సంగతి నాకు తెలీదన్నా. నిన్న చూపుడువేలు గింజంత కదిలింది, నేను చూసినా. నువ్వు తిట్టుకో, చెయ్యి మాత్రం ఈడ పెట్టు."

తిట్టుకుంటూనే అతను చెయ్యి చాచాడు.

అప్పట్నుంచి వచ్చినప్పుడల్లా ఆమె రెండు పోగులిచ్చి అతకమనేది. జారిపోయేవి. మళ్లీ ఇచ్చేది. నాలుగో నెలలో ఒకరోజు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగులు మెలిపడి నిలిచాయి. అతను లాగి చూశాడు. తెగలేదు. తిరుపాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మాబున్ని ఇంకో జత పోగులందించింది.

ఉంగరంవేలు, చిటికెనవేలు అలాగే వంగి ఉండిపోయాయి. నాలుగు రోజుల్లో నేసే చీరకు ఆరు రోజులు పట్టేది. అయినా మగ్గం ఆడింది.

మరుసటి ఏడు ఆమెకు జమ్మలమడుగుకు బదిలీ అయింది. బస్సు దగ్గరికొచ్చిన ఆదినారాయణ ఆమె పెట్టె అందుకోబోయాడు.

"కుడిచేత్తో అయితేనే మొయ్యి" అంది మాబున్ని.