పెన్న ఇసుకలో గుడ్డ జోళ్లు

చౌడప్ప నడుము కింది భాగం పగలంతా భూమిలోనే ఉండేది. నేతపని చేసేవాళ్లందరికీ అంతే. మగ్గం గుంతలో కాళ్లు దించుకొని కూర్చుంటే అన్నానికి పిలుపు వచ్చేదాకా లేచే పని లేదు. పైన చేతులు నాడె విసురుతుంటే కింద పాదాలు చీకట్లో పలకలు తొక్కుతుంటాయి. పన్నెండో ఏట గుంతలో దిగినవాడు ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా అలాగే తొక్కుతూ వచ్చాడు. అటువంటి మనిషికి పైకి ఎగరడమంటే పిచ్చి పట్టిందంటే తప్పు అతనిది కాదు, గుంతది.

ఎగరడానికి ఆ ఊరికి ఉన్నది ఒకటే చోటు, పెన్న. ఒంటిమిట్టకు రెండు కోసుల దూరంలో ఏటి ఒడ్డున ఉన్న పల్లె అది. ఊళ్లో ఎక్కడ అడుగు వేసినా రాళ్లు, పల్లేరుకాయలు. ఏట్లో మాత్రం తొమ్మిది నెలలు ఇసుకే గాని నీళ్లుండవు. అక్కడ రెండు వాసాలు పాతి, వల కట్టి, పొద్దు వాలే వేళ వాలీబాల్ ఆడేవాళ్లు. బంతి కొట్టడంలో చౌడప్పను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. వల పైకి లేచినప్పుడు అతని ముఖం చూస్తే, తిరిగి నేలమీదికి రావడం ఇష్టం లేనట్టే ఉండేది.

చిక్కంతా శ్రీరామనవమి తిరనాళ్ల పందెంతో వచ్చింది. బద్వేలు జట్టు సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి గనుక ఆ ఒక్క ఆట మూడు గంటలకే మొదలయ్యేది. ఆ వేళకు ఏటి ఇసుకలో పేలాలు వేయించుకోవచ్చు. కిందటేడు చౌడప్ప ఒట్టి కాళ్లతో మూడు గేములూ ఆడాడు, గెలిచాడు, జనం భుజాలమీద ఎక్కించుకుంటే ఇంటికి వచ్చాడు. తెల్లారేసరికి రెండు అరికాళ్లూ బొబ్బలు. బద్వేలు వాళ్ల కాళ్లూ కాలాయి గాని, వాళ్లు అంగళ్లవాళ్ల బిడ్డలు, వారం రోజులు మంచంమీద పడుకుంటే పోయేదేమీ లేదు. చౌడప్పకు ఇరవై రోజులు పలకమీద పాదం ఆనలేదు. ఆ ఇరవై రోజులూ అతని భార్య కృష్ణవేణమ్మ గుంతలో దిగింది. కండెలు చుట్టే చేతులతో నాడె విసిరి, ఎలాగో బట్ట దించింది.

ఈ ఏడు ఉగాది వెళ్లగానే ఆమె మాట తేల్చి చెప్పింది.

"ఆడొద్దని నేను చెప్పను. కాళ్లు కాల్చుకోనొస్తే మాత్రం మళ్లా గుంతలో దిగేది లేదు. ఏం తొడుక్కోని ఆడతావో సూసుకో."

ఆమె అన్నదంటే అన్నట్టే. కాళ్లకు ఏదో ఒకటి దొరకాలి, లేకపోతే పందెం లేదు. వయసు చూస్తే ఇంకా ఎన్నేళ్లు ఎగరగలడో తెలియదు. తిరనాళ్లు వారం రోజుల్లోకి వచ్చాయి.

మొదట బడిలో డ్రిల్లు అయ్యవారిని బతిమాలి కాన్వాసు బూట్లు తెచ్చుకున్నాడు. నాలుగు ఎగుర్లకు చెరొక శేరు ఇసుక నిండింది. ఆడినంతసేపు కంటే విప్పి దులిపినంతసేపే ఎక్కువైంది. తరువాత టైరు చెప్పులు. మొదటి షాటుకే బంతి వల ఇవతల పడింది, ఎడమకాలి చెప్పు వల అవతల పడింది. అవతలి జట్టువాళ్లు దానికి కూడా పాయింటు ఇద్దామా అని అడిగారు. చౌడప్పకు నవ్వు రాలేదు. దిగులుగా ఉంది. ఆట పోతుందన్న దిగులు ఇంత ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

చివరికి ఊరి చివర చెప్పులు కుట్టే లేవి దగ్గరికి వెళ్లాడు. లేవి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చౌడప్ప పాదం తన మోకాలిమీద పెట్టించుకొని, బొటనవేలి కింద పలక తొక్కి తొక్కి కాయకాచిన చోట వేలితో నొక్కి చూశాడు.

"చౌడప్పన్నా, తోలు ఎండకు పెనం మాదిరి కాగుతాది. ఇసకకు గుడ్డే మేలు. అది నీ ఇంట్లోనే ఉండాది గదా" అన్నాడు.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది చౌడప్పకు. ఆ రోజే పడుగులో మిగిలిన కొసలన్నీ పోగేసి, నాలుగు పోగులు ఒకటిగా పేని, గోనె మందాన బట్ట నేశాడు. లేవి దాన్ని పాదం కొలతకు సంచిలా కుట్టాడు. అడుగున పలుచని మేకతోలు లోపలికి దాచి, మడమ పైన బిగించి కట్టుకోవడానికి తాడు పెట్టాడు. ఇసుక దూరదు, జారదు, బరువు లేదు. చౌడప్ప వాటిని తొడుక్కొని వీధిలో కోడిపుంజులా రెండుసార్లు తిరిగాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు గదా. పందెం రెండు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం ఒక్కడే ఏట్లోకి దిగి ఎగిరి చూశాడు. పది ఎగుర్లదాకా హాయిగా ఉంది. ఇరవైకి వెచ్చగా తగిలింది. ముప్పైకి పాతకథే. ఒంటికాలిమీద గంతులు వేస్తూ ఒడ్డుకు పరుగెత్తబోయి, ఎదురుగా చూసి ఆగిపోయాడు.

ఏటి నడుమ చెలమ దగ్గరనుంచి ఆడవాళ్లు వస్తున్నారు. ఇసుకలో గుంత తవ్వితే ఊరే నీళ్లే ఎండాకాలం ఆ ఊరికి తాగునీళ్లు. అందరికంటే ముందు కృష్ణవేణమ్మ, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. ఒట్టి కాళ్లు. గంతులు లేవు, తొందర లేదు. చంకలోని బిందెను అడుగడుగుకూ కొంచెం తొణికించి, ఆ తడిమీద పాదం వేసి, మళ్లీ తొణికిస్తూ వస్తోంది.

నీళ్లు ఆడవాళ్ల పని. పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ చౌడప్ప ఎప్పుడూ గుంత చల్లదనంలో ఉండేవాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ వేళ ఏటికి రావడం అతనికి అదే మొదలు.

"పోయేటప్పుడు బిందె ఖాళీ గదా. అప్పుడెట్ల?" అని అడిగాడు.

"ఓర్చుకుంటాం" అంది ఆమె. అతని కాళ్లవైపు చూసి, "పొడి గుడ్డ ఎంతసేపు ఆపుతాది? తడుపుకోవాల" అని, చంకలోని బిందె వంచి రెండు జోళ్లూ తడిసేలా నీళ్లు పోసింది. చల్లదనం వేళ్ల సందుల్లోకి దిగింది. బిందెలో సగం నీళ్లు తరిగాయి. ఆమె వెనక్కి తిరిగి చెలమ వైపు నడిచింది. ఎత్తుతున్న పాదాలు అతనికి వెనకనుంచి కనబడ్డాయి. నల్లగా మాడి, పగుళ్లు విచ్చి ఉన్నాయి. చౌడప్పకు సిగ్గేసింది. జోళ్లు విప్పుతూ వెనకనుంచి పిలిచాడు. మొగుడి జోళ్లు తొడుక్కొని ఏట్లో నడిస్తే ఊరు నవ్వుతుందని ఆమె వినిపించుకోలేదు.

పందెం రోజు ఎన్నడూ లేనిది జరిగింది. ఆడవాళ్లెవరూ రాని ఆ ఆటకు కృష్ణవేణమ్మ బిందె ఎత్తుకొని వచ్చి గీత పక్కన నిలబడింది. గేముకూ గేముకూ మధ్య అతని కాళ్లమీద నీళ్లు పోసింది. రాముల కల్యాణం కాకముందే చౌడప్పకు కాళ్లు కడిగి మళ్లీ పెళ్లి చేస్తున్నారా అని జనంలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కొంగు సర్దుకొని అక్కడే నిలబడింది. మూడో గేములో రెండు పాయింట్ల తేడాతో బద్వేలు గెలిచింది. చౌడప్ప మాత్రం ఆ సాయంత్రం ఎవరి భుజాలూ లేకుండా తన కాళ్లమీద ఇంటికి నడిచి వచ్చాడు.

తెల్లారి గుంతలో దిగి పలకలమీద పాదాలు పెట్టాడు. ఒక్క బొబ్బ లేదు. నేస్తున్నాడు గాని మనసు నిలవలేదు. మధ్యాహ్నం ఆమె బిందెలతో తిరిగి వచ్చినప్పుడు, గడప ముందు బండమీద తడి పాదం అచ్చు పడింది. చౌడప్ప పిలుపు రాకముందే గుంతలోంచి లేచాడు. ఒక పడుగు దారం తీసి, ఆ అచ్చు ఆరిపోకముందే మడమ దగ్గర ఒకటి, వేలి కొన దగ్గర ఒకటి ముడి వేశాడు. మూడు రోజుల్లో మళ్లీ కొసలు పోగేసి అదే మందాన బట్ట నేసి, దారం జేబులో వేసుకొని లేవి దగ్గరికి వెళ్లాడు.

లేవి దారం లాగి చూశాడు. కొలత చిన్నదిగా ఉంది. ఎవరిదని అడిగాడు.

"మా ఇంటామెది. నీళ్లకు పోతాది గదా" అన్నాడు చౌడప్ప.

లేవి బట్టను బండమీద పరిచి, దారం ఆనించి, బొగ్గుతో గీత గీశాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"మా ఇంటామె విశ్వాసమ్మకు పెండ్లయిన ఏడే గోనెగుడ్డతో కుట్టిచ్చినా. ఇసకకు గుడ్డే మేలని నాకు యాడ తెలిసిందనుకుంటివన్నా?"

 కుట్టడం అయ్యేదాకా చౌడప్ప అక్కడే కూర్చున్నాడు.