టీచరమ్మ డాబా మీంచి చూసిన రేకులు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక ఏప్రిల్ నెలలో, ఒక బీమా కంపెనీ తెనాలి బ్రాంచిలో క్లెయిములు చూసే అధికారిగా చేరాను. బాపట్ల, రేపల్లె వైపు పాలసీలు కూడా మా కిందికే వచ్చేవి. చేరిన రెండో వారంలోనే రేపల్లె చుట్టుపక్కల వడగళ్ల వాన పడింది.

నష్టాన్ని అంచనా కట్టేది కంపెనీ ఉద్యోగులని చాలామంది అనుకుంటారు. ఆ పని లైసెన్సు ఉన్న సర్వేయరుది. ఆయన చూసి నివేదిక ఇస్తే, దాన్నిబట్టి మేము నిర్ణయం తీసుకుంటాం. మళ్లీ చూడమని కోరవచ్చు గానీ, కారణం ఫైలులో రాయాలి.

రేపల్లెలోని పెనుమూడి రోడ్డులో నాగూల్ మీరా అనే వడ్రంగికి సిమెంటు రేకుల షెడ్డు ఉంది. వడగళ్లకు రేకులు పగిలి, బీరువాల కోసం తెచ్చిన ప్లైవుడ్ తడిసి ఉబ్బిపోయిందని క్లెయిము పెట్టాడు. సర్వేయరు ప్రసాదరావు గారు మాత్రం పగుళ్లు పాతవనీ, తారు పూసిన గుర్తులున్నాయనీ రాశారు. ఆ ప్రకారం తిరస్కరణ ఉత్తరం తయారైంది. నేను సంతకం చేసే రోజునే నాగూల్ మీరా ఆఫీసుకు వచ్చాడు.

"సరిగ్గా చూడమని అడగడానికొచ్చానండి మేడమ్. ఆ సారు షెడ్డులో నిలబడి తలెత్తి చూసి వెళ్లిపోయారు. పైకి ఎక్కలేదండి."

"నిచ్చెన లేదా?"

"ఉందండి. కాలు పెడితే రేకు విరుగుద్ది, పడిపోతారని నేనే వద్దన్నా."

ఫైలు తెరిచి చూశాను. ఉన్న నాలుగు ఫొటోలూ లోపలి నుంచి తీసినవే. నాకు కావలసిన కారణం దొరికింది. ప్రసాదరావు గారికి ఫోన్ చేస్తే నొచ్చుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానన్నారు. నేనూ వస్తానన్నాక ఒప్పుకున్నారు.

గురువారం ఉదయం ముగ్గురం షెడ్డు ముందు నిలబడి, ఎలా ఎక్కాలా అని చూస్తుంటే, పక్కింటి సుశీలమ్మ గారు గేటు తీశారు. ఆవిడ రిటైరైన టీచరు.

"ఏంటమ్మా, రేకులు చూడాలా? మా డాబా ఎక్కండి, అంతా కనపడుద్ది. మొన్న నన్నెవరూ అడగలేదు."

పిట్టగోడ దగ్గర నిలబడితే రేకులు చేయి చాపినంత దూరంలో ఉన్నాయి. పాత పగులు అంచు నల్లబడి పాచి పట్టి ఉంటుంది. కొత్త పగులు అంచు తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. వాన పడమటి నుంచి కొట్టింది. ఆ వైపు వాలు మీది రేకుల్లోనే దెబ్బ తగిలిన చోటు నుంచి చుట్టూ చీలిన తెల్లటి పగుళ్లు కనిపించాయి. టీచరమ్మ గారి నీళ్ల ట్యాంకు మూత కూడా పగిలి ఉంది.

ప్రసాదరావు గారు ఫొటోలు తీసుకున్నారు. తరువాత, ఎన్ని రేకులని అడిగారు.

"పగిలినవి పదకొండండి. ఈ చివరి మూడూ పాతవి, తారు పూసింది నేనే. అవి రాయొద్దు సార్, ఎనిమిదే రాయండి."

ప్రసాదరావు గారు ఎనిమిదే రాసుకున్నారు. "మొన్ననే నిన్ను అడగాల్సిందయ్యా," అన్నారు. కింద నుంచి చూసినప్పుడు ఆ మూడింటి తారు మరకలే తన కంట్లో పడ్డాయని నాతో ఒప్పుకున్నారు. టీచరమ్మ గారిచ్చిన మజ్జిగ తాగి, అక్కడే కూర్చుని సవరించిన నివేదికకు చిత్తుప్రతి రాసుకున్నారు. ఎనిమిది రేకులకూ, తడిసిన ప్లైవుడ్‌కూ క్లెయిము మంజూరైంది. తొలకరికి ముందే షెడ్డుకు కొత్త రేకులు పడ్డాయి.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, పైనుంచి తీసిన ఫొటో లేకుండా వచ్చిన ప్రతి పైకప్పు నివేదికనూ నేను వెనక్కి పంపాను. ప్రసాదరావు గారు అబద్ధం రాయలేదు. తనకు కనిపించిందే రాశారు. అందుకే నివేదిక చదివేటప్పుడు ఏం చూశారన్నదానికంటే ముందు, ఎక్కడ నిలబడి చూశారో అడగడం నేర్చుకున్నాను.