ఏటిపుచ్చ

కర్నూలు వంతెన దాటగానే బండి మీద కోసిపెట్టిన కళింగరకాయల వాసన తగిలింది. తడి గోనెసంచి వాసన, పచ్చి తొక్క వాసన కలిసిన తీపి అది. ముక్క తీసుకుని అలవాటు ప్రకారం ముందు నాలుక కొసకు ఆనించాను. బండివాడు నొచ్చుకున్నాడు. "తియ్యగుండాది, తిను సామీ. విషమేం కాదు," అన్నాడు. ఆ అలవాటు నాది కాదు, హనుమంతప్పగారిది.

తెల్లదొరల రోజుల్లో ఆయన కర్నూలులో చిన్న వారపత్రిక నడిపేవారు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి ఆయన దగ్గర వార్తలు దిద్దే పనిలో చేరాను. ఆయన ఎవరినీ నమ్మేవారు కాదు. మంచి వార్త వస్తే ఇంకా నమ్మేవారు కాదు. "ఇది అచ్చయితే నవ్వేదెవరు, ఏడ్చేదెవరు?" అని అడిగాకే కలం అందుకునేవారు. మొదట్లో నాకది ముసలితనపు జబ్బులా కనిపించేది.

ఒక వేసవిలో, ఊళ్ళో కలరా భయం ఉన్నప్పుడు, తుంగభద్ర ఒడ్డు పల్లె నుంచి మా విలేకరి సుబ్బన్న రెండు వాక్యాలు పంపాడు. ఏటిపుచ్చ తిని ఇద్దరు కూలీలకు వాంతులు, విరేచనాలు అయ్యాయి, జనం జాగ్రత్తపడాలి అని. హనుమంతప్పగారిది ఆదోని తట్టు, ఆ మాట ఎరగరు. ఏమిటని నన్ను అడిగారు. మా వైపు కళింగరను పుచ్చకాయే అంటాం కనుక, "ఏట్లో పండే పుచ్చకాయ, అంతేకదండీ," అన్నాను. ఆ పల్లె ఇసుకలో కళింగర పండించేది మస్తాన్ సాహెబు కుటుంబం ఒక్కటే. వార్త వేస్తే సంతలో ఆ కాయ ముట్టేవాడుండడు. వాళ్ళ ఏడాది తిండి ఇసుకలోనే కుళ్ళిపోతుంది. ఆయన కాగితం పక్కన పెట్టారు. "సుబ్బన్న ఇన్నేండ్లూ కళింగర అనే రాసినాడు గదప్పా. ఈసారి మాటెందుకు మార్చినాడు?"

మర్నాడు ఇద్దరం బండి కట్టించుకుని వెళ్ళాం. సంగతి వినగానే మస్తాన్ సాహెబు గట్టు వైపు చెయ్యి చూపాడు. "అది కళింగర కాదు సామీ, చేదుకాయ. అదో, ఆ గట్టు కింద పాకిండాది చూడు." తీగా ఆకూ కళింగరలాగే ఉన్నాయి. కాయ మాత్రం నారింజంత. హనుమంతప్పగారు కొరికి ఉమ్మేశారు. పక్కకు వచ్చాక, "చేదు నిజమే. పేరు నిజమో కాదో. ఆయప్పకు ఆ అర్థమే కావల్ల గదా," అన్నారు.

దారిలో బర్రెలు తోలుకుపోతున్న ఒక అవ్వను ఆపి, కాయ చూపించి, దీన్ని ఏమంటారని మాత్రం అడిగారు.

"ఏటిపుచ్చ. బర్రెకు కడుపుబ్బితే పెడతాం." ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "కడుపు బిగుసుకున్యాదా నాయనా? రవ్వంత తిను, చాలు. మొన్న మా కూలోళ్ళిద్దరు మందని కాయకు కాయ తిని, రేయంతా చెంబు వదల్లేదు."

ఆ వారం సుబ్బన్న ఆఫీసుకు వచ్చాడు. హనుమంతప్పగారు మజ్జిగ ఇప్పించి, "ఎండలకు మీ ఊర్లో ఏం తింటారప్పా?" అన్నారు.

"కళింగర, సామీ."

"ఏటిపుచ్చ తినరా?"

"అదెట్ల తింటారు, శానా చేదు," అని సుబ్బన్న ఆగిపోయాడు.

"చేదని నువ్వు యాడా రాయలేదే."

"నేను అబద్ధం రాయలేదు సామీ."

"రాయలేదు. పట్నమోళ్ళు చదివితే అబద్ధమయ్యేట్టు నిజం రాసినావు."

చేదు మందుకాయ అతిగా తిని ఇద్దరు జబ్బుపడ్డారనీ, అది కళింగర కాదనీ అచ్చువేశాం. ఆ ఇసుకలో సాగు చేసుకునే గుత్తకు సుబ్బన్న బావమరిది మస్తాన్ సాహెబుతో పోటీపడి ఓడిపోయాడని తరువాత విన్నాను. చెబితే హనుమంతప్పగారు అదీ నమ్మలేదు. "నీకు చెప్పినోడెవరు?" అన్నారు.

మస్తాన్ సాహెబు ఆఫీసుకు ఒక పెద్ద కాయ పంపాడు. నేనే కోసి ఇచ్చాను. హనుమంతప్పగారు ముక్కను నాలుక కొసకు ఆనించి ఆగారు. నాకు నవ్వొచ్చింది. "మస్తాన్ సాహెబు మీద కూడా అనుమానమేనా అండీ?"

"ఆయప్ప మీద కాదు. ఇది కళింగర అని చెప్పింది నువ్వు గదా."

ఆ తరువాత దినపత్రికల్లో ఎన్నో ఏళ్ళు పనిచేశాను. తెలియని మాట కంటే, తెలుసు అనుకున్న మాట దగ్గరే ఎక్కువ సేపు ఆగాను. బండివాడికి ఇదంతా చెప్పలేదు. ముక్క తియ్యగానే ఉంది. తింటూ, "మీ ఊర్లో దీన్ని ఏమంటారు?" అని మాత్రం అడిగాను.