కింద నల్లా తిప్పిన చేయి

మా ఓనరమ్మ పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. అశోక్‌నగర్‌లో ఆవిడ ఇంటి పై వాటాలో నేనూ నాన్నా ఆరేళ్లుగా కిరాయికి ఉంటున్నాం; కింద ఆవిడ ఒక్కతే ఉండేది. ఆ రోజు చిక్కడపల్లి నుంచి మందులు తీసుకుని వచ్చేసరికి గేటు దగ్గర ఎవరెవరివో చెప్పులు. ఇల్లు చూడటానికి కొత్తవాళ్లను పిలిచిందేమో అనుకున్నాను ముందు. నా అనుమానపు బుద్ధి అలాంటిది. ఆ బుద్ధితోనే నిరుడు చలికాలమంతా ఆవిడను దొంగను చూసినట్టు చూశాను. అది ఒప్పుకోకుండా ఆవిడను తలుచుకోవడం నాకు చేతకాదు.

నాన్నకు షుగర్. కాళ్లకు స్పర్శ తెలియదు. వంగి నీళ్లు ముంచుకోలేడు కనుక స్టూలు మీద కూర్చోబెట్టి షవర్ తిప్పుతాను. ఆ చలికాలం నీళ్లు ఉన్నట్టుండి సలసలా కాగేవి, కాసేపటికి మళ్లీ చల్లబడేవి. ఒకరోజు కాళ్ల మీదికి షవర్ తిప్పి నేను టవల్ తెచ్చేలోపు పాదం మీద బొబ్బలెక్కాయి. ఆయనకు తెలియనే లేదు. "ఇంకోసారి కాలితే వేళ్లు దక్కవు" అన్నాడు డాక్టరు.

మొదట గీజర్‌ను అనుమానించి థర్మోస్టాట్ మార్పించాను. తర్వాత మిక్సర్‌ను విప్పిస్తే బోరు నీళ్ల సున్నం తెల్లగా పేరుకుని ఉంది. అదీ కొత్తది వేయించాను. నీళ్ల తీరు మారలేదు. చివరికి ప్లంబరన్న ట్యాంకు దగ్గర నిలబడి తేల్చాడు.

"గీజరుకు పైపు అలగ్ ఉంది సార్. సల్లనీళ్లది మీకు, కిందోళ్లకు ఒక్కటే. ఆళ్లు నల్లా ఇప్పితే మీకు సల్లనీళ్లు తగ్గి వేడివే వస్తయి. జర అడుగుండ్రి."

అడిగితే చెబుతుందా? నేనే కనిపెడదామనుకున్నాను. ఓనరమ్మ కూరగాయలకు నారాయణగూడ వెళ్లిన పూట షవర్ కింద చేయి పెట్టి నిలబడ్డాను. పావుగంట సేపూ నీళ్లు బుద్ధిగా వచ్చాయి. ఆవిడ ఇంట్లో ఉంటే రెండు నిమిషాలకే కాగేవి. పైగా ఆ నెలలోనే "ఇంకెన్ని రోజులుంటరు బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. ఇంకేముంది, ఖాళీ చేయించే ఎత్తే. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూసుకునే మనిషి ఊరికే నల్లా తిప్పుతుందా?

ఒక ఉదయం నాన్నను గదిలోనే ఉంచి, షవర్ తిప్పి వదిలేసి, చప్పుడు కాకుండా మెట్లు దిగాను. కింద స్నానాల గది తలుపు తెరిచే ఉంది. ఓనరమ్మ చెవిని ఇనప పైపుకు ఆనించి, నల్లా మీద చేయి వేసి నిలబడింది. బకెట్ నిండి పొర్లుతోంది. దొరికింది అనుకున్నాను.

నన్ను చూసి ఆవిడ ఏమీ తొట్రుపడలేదు.

"ఏంది బిడ్డా, ఇంకా వేడిగ వస్తలేవా?"

ఆవిడే చెప్పుకుపోయింది. "మీ నాయిన సలి మొదలైనప్పుడు గేటు కాడ అన్నడు, నీళ్లు సల్లగ తగిలి వణుకు పుడుతుందని. మేం పైన ఉన్నప్పుడు మా ఆయన స్నానం చేస్తుంటే నేను కిందికొచ్చి ఈ నల్లా తిప్పేదాన్ని. ఆయనకు వేడిగ వస్తుండె. మీరు పరేషానయి ఖాళీ చేసి పోతరని నా భయం."

నాన్న కాలి సంగతి చెప్పాను. మోకాళ్లు పట్టుకుంటూ పైకి వచ్చి, వంగి ఆ పాదాన్ని చూసింది. తర్వాత నాతో అంది: "అనుమానమొస్తే మనిషినడగాలె బిడ్డా. గీజర్నడిగితే ఏం చెప్తది?"

వేరే పైపు వేయిస్తానంటే నాన్నా, ఆవిడా ఇద్దరూ ఒప్పుకోలేదు; నాన్న స్నానం అయ్యేదాకా కింద నల్లా ముట్టనంది ఆవిడ. స్నానం కాగానే నాన్న చేతికర్రతో పైపును రెండుసార్లు కొట్టేవాడు. కింద నుంచి ఆవిడ చెంబుతో రెండుసార్లు కొట్టేది. అప్పుడుగానీ కింద నీళ్ల చప్పుడు వినిపించేది కాదు. అప్పటిదాకా బియ్యం కూడా కడగకుండా ఆగేదట. నాకీ సంగతి ఆవిడ పోయాకే వాళ్లింటి పనిమనిషి చెప్పింది.

ఇప్పుడు కింద తాళం పడింది. నీళ్లు ఒకే తీరుగా వస్తున్నాయి. అయినా షవర్ కింద నుంచి చేయి తీయబుద్ధి కాదు.

ఈ ఉదయం స్నానం ముగించి, అలవాటు కొద్దీ నాన్న పైపును రెండుసార్లు కొట్టాడు. టవల్ కప్పబోతుంటే ఆగమన్నట్టు చేయి ఎత్తాడు. తల పైపు వైపు వంచి, ఒంటి తడి ఆరిపోతున్నా అలాగే కూర్చున్నాడు.