జూలుకు సవరం

పూతలపట్టు పరంధామయ్యకు తెలియని శాస్త్రం లేదు. ఫోనులో మూడు నిమిషాల వీడియో చూస్తే చాలు, పండితుడైపోతాడు. మా పక్కింటాయన కాబట్టి ఆ పాండిత్యం మొదట మాకే వడ్డిస్తాడు.

ఆయన తండ్రి తిరుపతిలో జట్కా తోలినవాడు. ఉలవలు ఉడకేసి, చల్లార్చి, గుర్రం తిన్నాకే తాను గంజి తాగేవాడట. కొడుకైన ఈయన, పెళ్లి ఊరేగింపుల కోసం రాణి అనే తెల్ల గుర్రాన్ని పెట్టుకున్నాడు. ఉలవలు మోకాళ్లకు మంచివని ఎక్కడో విన్నప్పటి నుంచి రాణి ఉలవల బస్తా ఆయన వంటింట్లోకి చేరింది. రాణికి రోడ్డు పక్క సుబాబుల్ చెట్ల గింజలు మిగిలాయి.

నేను జంతుశాస్త్రం చదివినదాన్ని. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"వద్దు మామా. ఆ గింజల్లో మైమోసిన్ అనే విషం ఉంది. జూలు, తోక ఊడిపోతాయి. డెక్కలు చెడితే ఇక రాణి నడవలేదు."

"మేకలు తింటాండాయి గదమ్మా! వాటికేమన్నా గుండ్లు అయినాయా?"

"మేక నెమరేస్తుంది. దాని కడుపులోని సూక్ష్మజీవులు ఆ విషాన్ని విరిచేస్తాయి. గుర్రానికి ఆ వసతి లేదు."

"ప్రోటీన్ ప్రోటీనే. నువ్వు పుస్తకాలు సదివినావు, నేను గుర్రాన్ని సదివినా."

చదివిన గుర్రానికి నెల తిరిగేసరికి మెడ బోసిపోయింది. దిష్టి అన్నాడు. నల్లతాడు కట్టాడు. అదీ పనిచేయకపోతే తిరుపతి వెళ్లి సవరం కొనుక్కొచ్చి, తెల్లరంగు పూసి జూలుకు కట్టాడు.

మా తమ్ముడి పెళ్లికి ఆ అలంకారంతోనే రాణి వచ్చింది. డెక్కల మీద పగుళ్లు చూసి నేను వద్దంటున్నా వినకుండా, మా వాళ్లు నా మూడేళ్ల మోనికను పెళ్లికొడుకు ముందు కూర్చోబెట్టారు. నాలుగడుగులకే రాణి కుంటింది. పిల్ల బెదిరి జూలు పట్టుకుంది. జూలు చేతికొచ్చింది.

"అమ్మా! గుర్రం జుట్టు ఊడిపాయ!"

మేళం ఆగింది. నేను పరుగెత్తి పిల్లను దించుకున్నాను. పరంధామయ్య సవరం దులుపుకుంటూ, "ఎవురి కండ్లో పడినాయి" అన్నాడు.

మర్నాడు ఆయన భార్య వసంతమ్మ ఉలవల కుండ ఎత్తి నేరుగా రాణి ముందు పెట్టింది. భోజనానికి కూర్చున్న మొగుడి కంచంలో గుప్పెడు సుబాబుల్ గింజలు పోసింది.

"ప్రోటీన్ ప్రోటీనేనంట గదయ్యా. తిను."

ఆయన కంచం జరిపి, గోడ మీదుగా నన్ను పిలిచాడు. చెయ్యి తల మీదే ఉంది.

"ఏమమ్మా, ఆ విషం మనుషులకు గూడా పనిచేస్తాదా?"

రాణి కుండ అడుగు నాకుతోంది.