తాత తగ్గించని మూడేళ్లు

నా చిన్నప్పుడు నా వయసెంతని ఎవరైనా అడిగితే మా ఇంట్లో వేళ్లు మడిచి లెక్కపెట్టేవారు కాదు, కొట్టం వైపు చూసి చెప్పేవారు. అక్కడ హీర అని ఒక ఆడగుర్రం ఉండేది. అదీ నేనూ ఒకే రోజు, ఒకే పొద్దున పుట్టాం. దాని వయసు మా తాతకు నెలలతో సహా తెలుసు, కాబట్టి నాదీ తెలిసినట్టే. మనవరాలి మొహం చూడకముందే గుర్రప్పిల్ల మొహం చూశాడని మా బాపమ్మ, అంటే తాత భార్య, ఆయన్ని ఎప్పుడూ దెప్పేది. "ఇంట్ల కోడలి దగ్గర పదిమంది ఆడోళ్లుండిరి. కొట్టంల దానికి నేనొక్కన్నే ఉంటి" అని ఆయన నవ్వేవాడు.

మాది భైంసా దగ్గర పల్లె. పత్తి, జొన్న పండించే భూమి ఉంది గానీ మా ఇంటికి పేరు గుర్రాల వల్లే వచ్చింది. తల్లిగుర్రాలను పెంచి, ఈనించి, పిల్లలను అమ్మడం మూడు తరాలుగా మా వాళ్ల పని. అవి జట్కా లాగే గుర్రాలు కావు. ఎప్పుడో ఒక సంస్థానం లాయం నుంచి వచ్చిన మేలుజాతి. పొడుగ్గా, సన్నని కాళ్లతో ఉండేవి. మా తాత వాటి ఏడు తరాల పేర్లు గడగడా చెప్పేవాడు. మా సొంత వంశంలో ముత్తాత పేరు దాటితే మాత్రం బాపమ్మ వైపు చూసేవాడు. పిల్ల తల్లి కడుపులో ఉండగానే నాందేడ్ నుంచి, హైదరాబాద్ నుంచి మనుషులు వచ్చి మాట తీసుకుని పోయేవారట. నేను అది విన్నానే గానీ చూడలేదు.

నాకు ఊహ తెలిసేసరికి దొరలు గుర్రాలు దిగి జీపులెక్కారు. ఊరూరికీ బస్సు వచ్చింది, జట్కాలు మూలపడ్డాయి. మగగుర్రమైతే పెళ్లి ఊరేగింపుకైనా పిలుస్తారు. ఈనడం తప్ప ఇంకో పని తెలియని ఆడగుర్రాన్ని ఎవరు కొంటారు? పిల్లకే గిరాకీ లేనప్పుడు తల్లితో ఏం పని? దానికి తోడు వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టాయి. ఎడ్లకే గడ్డి లేని ఇంట్లో గుర్రాలకు ఉలవలు ఎక్కడివి? దొరికిన వాళ్లకు ఒక్కొక్కటే ఇచ్చేయగా చివరికి రెండు మిగిలాయి. ఒకటి హీర, రెండోది దాని తల్లి బేగం. వాటి పక్కటెముకలు బయటపడ్డాయి. బాపమ్మ తన పళ్లెంలో రొట్టె సగం తుంచి కొంగు చాటున పట్టుకెళ్లి పెట్టేది. చూసి కూడా చూడనట్టు అందరం తలలు దించుకుని తినేవాళ్లం.

ఆ ఏడు సరిహద్దు అవతల మరాఠీ వాళ్ల జాతరలో గుర్రాల అంగడికి వాటిని తోలుకుపోవాలని తాత నిర్ణయించాడు. బాపమ్మ ఒక్కటే మాట అడిగింది. "అమ్ముతే అమ్మినవ్ గని, ఇల్లు చూసి ఇయ్యి. ఏడికి తోలుకపోతరో తెల్వనోని చేతుల పెట్టకు." తాత సరేనన్నాడు. కొత్తచోట నేను పక్కన లేకపోతే హీర మేత ముట్టదు కాబట్టి నన్నూ వెంట తీసుకుపోయాడు.

ఇక్కడ మా ఇంటి పట్టింపు ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాకు ముందు మా అవ్వకు, అంటే అమ్మకు, ఇద్దరు మగపిల్లలు పుట్టి ఏడాది నిండకుండానే పోయారు. నేను నిలబడ్డాను. అప్పటి నుంచి నా వయసు తక్కువ చేసి చెప్పడం మా ఇంట్లో నిషిద్ధం. తక్కువ చెబితే అంత ఆయుష్షు కోసినట్టేనని బాపమ్మ నమ్మకం. నేను చూడ్డానికి పిట్ట పిల్లలా ఉండేదాన్ని. నాకు పన్నెండు నిండిన కొత్తలో వేములవాడ పోతుంటే బస్సు కండక్టరు నన్ను చూసి తనంతట తానే సగం టికెట్టు కొట్టబోయాడు. బాపమ్మ సీట్లోంచి లేచి నిలబడింది. "సగం టికెటా? నా మనుమరాలికి సగం ఆయుష్షా? పూరా టికెట్ కొట్టు!" అని అతని మీద పడింది. బస్సంతా నవ్వింది. నాకు సిగ్గేసింది. పక్కనే కూర్చున్న మా తాత మాత్రం నవ్వలేదు, నిండు టికెట్టు తీసుకుని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

జాతరకు నడిచి పోవడానికి మూడు రోజులు పట్టింది. అక్కడ గుర్రాలు బోలెడు ఉన్నాయి, కొనేవాళ్లే లేరు. వచ్చిన ఒకరిద్దరు కూడా హీర పెదవి పైకెత్తి పళ్లు చూసి, తాతను వయసు అడిగి, పన్నెండని వినగానే పెదవి వదిలేసి వెళ్లిపోయేవారు. గుర్రం వయసు పళ్లలో తెలుస్తుంది గానీ అది ఎనిమిదేళ్ల దాకానే. పళ్ల మీది గుంటలు అరిగి చదునయ్యాక ఇక అమ్మేవాడి మాటే దాని వయసు. ఈ సంగతి అంగట్లో అందరికీ తెలుసు. అయినా మా తాత రెండు రోజులు పన్నెండనే చెప్పాడు. తెచ్చిన గడ్డి అయిపోయింది. రెండో రోజు సాయంత్రానికి మేం తెచ్చుకున్న సద్ది కూడా ఆయన ముట్టలేదు. నేను తిని పడుకున్నాను. పన్నెండేళ్ల పిల్లకు ఆకలి ముందు, తాత మొహం తర్వాత.

ఆయన్ని ఎరిగిన దలారి ఒకడు మూడో రోజు పొద్దున వచ్చి కూర్చున్నాడు. "గట్ల పన్నెండు పన్నెండంటే ఎవడు కొంటడు కాకా? తొమ్మిదను. దాని పండ్లేమన్న లేచి నీ మీద సాక్ష్యం చెప్తయా?" అని అన్నాడట. అన్నాడట అంటున్నాను, ఎందుకంటే అప్పుడు నేను నీళ్ల బిందె పట్టుకుని చెలిమ దగ్గరికి పోయాను. ఆ మాట నా చెవిన పడి ఉంటే నా బతుకులో ఒక బరువు తక్కువయ్యేది.

నేను తిరిగొచ్చేసరికి మా గుర్రాల దగ్గర తెల్ల తలపాగా మరాఠీ పెద్దాయన ఒకడు నిలబడి ఉన్నాడు. గోదావరి ఒడ్డున మామిడితోట ఉందట. మంచి మగగుర్రం ఒకటుందట. పిల్లల కోసం మేలుజాతి తల్లిని వెతుకుతున్నాడట. ఆ కాలంలో కూడా గుర్రం మీద ప్రేమతో గుర్రాన్ని పెంచే మనిషి ఒకడున్నాడని తాత మొహం చూస్తేనే తెలిసింది. హీర కంటి పుసిని పెద్దాయన తన పంచె కొసతో తుడిచాడు. బేగం దాని తల్లి అని తెలిసి, ఆ ముసలిదాన్ని కూడా తోలుకుపోతానన్నాడు. "తల్లిని, బిడ్డను ఎందుకు ఎడబాపుడు? తోటల గడ్డి తిని పడి ఉంటది." ఇద్దరూ అంగడి పద్ధతిలో చేతుల మీద తువ్వాల కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుని బేరం ముగించారు. తాత తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి నన్ను చూసి కన్ను గీటాడు. బాపమ్మ అడిగిన ఇల్లు దొరికింది.

పెద్దాయన వెంట వచ్చిన మనిషి పగ్గాలు తేవడానికి పోయాడు. అంతలో పెద్దాయన నా పక్కన రాతి మీద కూర్చుని, జేబులోంచి పుట్నాలు, బెల్లం ముక్క తీసి నా చేతిలో పోశాడు. హీర నా జడ కొస నోట్లో పెట్టుకుని నములుతోంది, అది దాని అలవాటు. గుర్రం నీదా బిడ్డా అని ఆయన అడిగాడు. నాకు ఎక్కడలేని గర్వం పొంగుకొచ్చింది. "నాది కాదు, నా తోటిది. నేను, హీర ఒక్క పొద్దే పుట్టినం" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద అట్లాగే ఉండగానే నన్ను ఒకసారి తల నుంచి కాళ్ల దాకా చూశాడు. తాత అవతల బేగం కాలి తాడు విప్పుతున్నాడు, మా మాటలు విన్నాడు, ఆయన చేయి ఆగిపోయింది. పెద్దాయన కోపంగా ఏమీ అడగలేదు, తాతను మరాఠీలో అన్నా అని పిలిచి మామూలుగానే అడిగాడు. "భావూ, పొల్లకు ఎన్నేండ్లు?"

హీరకు చెప్పినట్టే నాకూ తొమ్మిది అంటే చాలు. నన్ను చూసిన వాళ్లెవరైనా నమ్మేవారు, బస్సు కండక్టరు నమ్మలేదా? ఒక్క మాటతో హీర, బేగం మామిడితోటకు పోయేవి. మా తాత నా వైపు చూశాడు. ఆయన అంతసేపు నన్ను చూడడం నాకు గుర్తులేదు. ఆ పెదవులు ఒకసారి విడివడి మళ్లీ మూసుకున్నాయి. తర్వాత, "పన్నెండు" అన్నాడు.

పెద్దాయన లేచి పంచె దులుపుకున్నాడు. "అరె, ముందుగాల్నే పన్నెండని చెప్తే గూడ తీస్కపోతుంటి భావూ. ఇంకో నాలుగు ఈతలు ఈనకపోవునా? ఇప్పుడు ఇంకేం దాచినవో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. పోతూ పోతూ ఆయన నా తల మీద చేయి పెట్టి, పుట్నాలు తినమన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. నిజంగానే తిన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ మాట అంగడంతా పాకింది. ఇక మా వైపు ఎవరూ రాలేదు. పొద్దు వాలే వేళకు ఒకడొచ్చాడు. వాడు పళ్లు చూడలేదు, కాళ్లు చూడలేదు, వయసు అడగలేదు. ఒక తాడు తీసి హీర పొట్ట చుట్టూ, తర్వాత బేగం పొట్ట చుట్టూ కొలిచాడు. కొత్త జీను కోసమనుకున్నాను నేను. ఎక్కడికని తాత అడిగితే సర్కసుకన్నాడు. నేను గంతులేశాను. హీర తలకు రంగు ఈకలు కట్టుకుని దీపాల కింద నాట్యం చేస్తుందని దాని చెవిలో చెప్పాను. తాత తువ్వాల తీయలేదు, బేరం ఆడలేదు. ఇంటికి తోలుకుపోదామంటే దారి మేతకు గుప్పెడు గడ్డి లేదు, ఇంటి దగ్గర అదీ లేదు. పగ్గాలు వాడి చేతిలో పెట్టి ఇటు తిరిగి నిలబడ్డాడు. హీర నా కోసం సకిలించింది. నేను చేయి ఊపాను.

తిరిగొచ్చేటప్పుడు మర్నాడు ఒక వాగు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, ఆ తలపాగా తాత మన గుర్రాలను ఎందుకు తోలుకపోలేదని నేనే అడిగాను. దలారి చెప్పింది, తను తొమ్మిదని అన్నది, అన్నీ అప్పుడు మా తాత చెప్పాడు. నేను నోరు మూసుకుని ఉంటే హీర తోటలో ఉండేది కదా అని ఏడుపు అందుకున్నాను. ఆయన తడి చేత్తో నా మొహం తుడిచాడు. "నువ్వు ఉన్నది చెప్పినవ్, నీదేం తప్పులే. గుర్రానికి మూడేండ్లు తగ్గించింది నేను, గా పాపం నాది. గని నీ ఏండ్లు నాయా బిడ్డా, తీసియ్యనీకి?" అన్నాడు.

ఇంటికి చేరగానే బాపమ్మ ఎటువంటి ఇల్లని అడిగింది. తాత సర్కసన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలోనే కూలబడింది. సర్కసులో పులులుంటాయని, వాటికి రోజూ మాంసం కావాలని, వయసు మీరిన గుర్రాలను కొనేది అందుకేనని మా పాలేరు వారం తర్వాత నాకు చెప్పాడు. అప్పుడు ఆ తాడు కొలత నాకు అర్థమైంది. అన్ని సర్కసులూ అట్లా చేయవని మా బాపు, అంటే నాన్న, ఓదార్చాడు. నిజమే కావచ్చు. ఎవరికి తెలుసు? పెళ్లయి కరీంనగర్ వచ్చాక ఊళ్లో సర్కసు దిగిన ప్రతిసారీ ఏదో సాకు చెప్పి పోయి డేరా వెనుక నిలబడి చూసేదాన్ని. అంత పొడుగు గుర్రం ఒక్కటీ కనబడలేదు.

తాత మళ్లీ కొట్టంలో అడుగు పెట్టలేదు. రెండేళ్లకే పోయాడు. ఉన్నన్నాళ్లూ, నువ్వు ఆ రోజు ఆ మాట అనకుండా ఉంటే అని ఒక్కసారి కూడా అనలేదు. కోపమొచ్చి ఒక దెబ్బ వేసినా నాకు తేలికయ్యేదేమో. బడిలో పంతులు సత్యమే గెలుస్తుందని పాఠం చెబుతుంటే నాకు ఒళ్లు మండేది. ఎక్కడ గెలిచింది? నేను చెప్పింది సత్యమే, తాత చెప్పిందీ సత్యమే, ఆ రెండు సత్యాల మధ్య రెండు మూగజీవాలు పోయాయి. ఆయన చేసింది ఒప్పో తప్పో తేల్చమంటే నా వల్ల కాదు. గతిలేక అబద్ధం పట్టుకున్న మనిషి కూడా ఒకచోట ఇక చాలని ఆగుతాడని మాత్రం ఆ రోజు చూశాను. మా తాత నా దగ్గర ఆగాడు. దాని వెల హీర, బేగం కట్టాయి.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పెళ్లిచూపుల్లో రెండేళ్లు తగ్గించి చెబుదామన్నారు, ఒప్పుకోలేదు. మా కోడలు చుట్టాల ముందు సరదాకి నన్ను అరవైలో పెడితే కసురుకుంటాను. ఆస్పత్రిలో చీటీ రాసే పిల్ల వయసెంతమ్మా అంటే నెలలతో సహా చెబుతాను. చాదస్తమని ఆ పిల్ల నవ్వుతుంది. ఆయన తీసి ఇవ్వని మూడేళ్లూ అందులో ఉన్నాయని ఆమెకేం తెలుసు? చెప్పి బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాక ప్రతిసారీ హీర గుర్తొస్తుంది. నేను ఇన్నేళ్లు బతికాను. హీరకు పదమూడో ఏడు వచ్చిందో లేదో నాకు తెలియదు.